పాషా డబ్బాలో మైనస్ ఆరు

దశరథం సారుకు లెక్కలు రావు. కోపంలో అంటున్న మాట కాదిది. ఆయన లెక్కల సారు కాబట్టి అంటున్నాను. సోషల్ సారుకు లెక్కలు రాకపోతే నాకేం నొప్పి? కోరుట్లలో మా బడిలో ఆరో తరగతి లెక్కలు కాగితం మీద ఆయనవి, చెప్పేది మాత్రం నేను. ఆయనకు టీచర్ల సంఘం పనులు ఉండేవి. సంఘం పనులంటే మరేం లేదు, ఇస్త్రీ చొక్కా వేసుకుని హోటల్ ముందు కుర్చీలో కూర్చుని, వచ్చేపోయేవాళ్ళ చేత నమస్తేలు పెట్టించుకోవడం. ఆయన చేతిలో సుద్దముక్క చూసిన పిల్లలకు ఇప్పుడు పెళ్ళిళ్ళయి ఉంటాయి.

రెండువేల పదకొండులో సకల జనుల సమ్మె వచ్చింది. తెలంగాణ కోసం బస్సులు ఆగాయి, బళ్ళు మూతపడ్డాయి, బొగ్గు గనులు ఆగాయి. బొగ్గు లేక కరెంటు కూడా పూటకోసారి పోయేది. మేమంతా ఇష్టపడే ఆపాం. నేనూ టెంటు కింద కూర్చున్నాను, గొంతు పోయేదాకా నినాదాలిచ్చాను, రోడ్డు మీద వండిన అన్నం రోడ్డు మీదే తిన్నాను. సమ్మెతో నాకు పేచీ లేదు. నా పేచీ అంతా మైకుతోనే. మా ఊళ్ళో ఆ మైకు దశరథం సారు చేతికి చిక్కింది. ఒకసారి చిక్కాక ఆయన అన్నం తినేటప్పుడు కూడా దాన్ని పక్కన పెట్టలేదు.

ఇక లావణ్య సంగతి చెప్పాలి. మా ఆరో తరగతి పిల్ల. దానికి షుగరు. వయసు మళ్ళాక వచ్చేది కాదు, చిన్నప్పుడే వచ్చేది. పొద్దున ఒకటి, రాత్రి ఒకటి ఇన్సులిన్ సూది పడితేనే పిల్ల నిలబడుతుంది. సమ్మెకు ముందు ఎండాకాలంలో మందు దొరక్క సూది తప్పితే తెలివి తప్పి దవాఖానలో పడింది. బతుకుతుందని అప్పుడు ఎవరూ గట్టిగా చెప్పలేదు. తల్లి అంజవ్వ బీడీలు చుడుతుంది. తండ్రి రాజయ్య సిరిసిల్లలో మరమగ్గాల మీద పని చేస్తాడు. బస్సులు ఆగిపోవడంతో అక్కడే చిక్కుకుపోయాడు. అంజవ్వ ఇంట్లో ఫ్రిజ్ లేదు. తడి ఇసుకలో కుండ పెట్టి, చుట్టూ తడిగుడ్డ కట్టి, మందు సీసాలు అందులో దాచేది. జగిత్యాల దవాఖానలో నర్సు నేర్పిన పద్ధతి అది. కరెంటు ఉన్నా పోయినా ఆ కుండకు ఒకటే.

ఆ కుండ దశరథం సారు కంట పడింది. టీవీ వాళ్ళు మా టెంటుకు వస్తారని అప్పుడే కబురు వచ్చింది. సమ్మెలో రోగులకు ఏ కష్టమూ లేదని చూపించడానికి ఆయనకు ఒక రోగి కావాలి. చిన్నపిల్ల అయితే మరీ మంచిది.

"గిదేంది అంజవ్వా, గీ కాలంల కుండల మందు వెడ్తరా?" అన్నాడట. "జెనరేటర్ ఉన్న డబ్బల వెడ్త. కరెంటు వోయినా ఫికర్ లేదు."

జెనరేటర్ ఉన్న డబ్బా అంటే మా ఆయన పాషాది. బస్టాండు దగ్గర మాకు ఐస్‌క్రీం దుకాణం ఉంది. అందులో పాత డీప్ ఫ్రీజర్. దాని ముందు ఎర్ర అంకెలు వెలుగుతుంటాయి. వాడుతున్న సీసా ఒక్కటి కుండలో వదిలి, సారు మిగతా మూడు సీసాలు తెచ్చి మా ఆయన చేతిలో పెట్టాడు. మందు అట్టపెట్టె మీద రెండు నుంచి ఎనిమిది డిగ్రీలు అని ఉంది. డబ్బా మీద మైనస్ ఆరు అని ఉంది. సారు రెండూ చదివి, తల ఊపి, తృప్తిగా వెళ్ళిపోయాడు. నేను ఆ రెండు రోజులూ కథలాపూర్‌లో మా అక్క ఇంట్లో ఉన్నాను. ఇక్కడే ఉంటే ఈ కథ ఉండేది కాదు.

నేను తిరిగి వచ్చిన పొద్దున రోడ్డు మీద పాఠం పెట్టారు. ఆ సమ్మెలో అదొక పద్ధతి. బడికి తాళం వేసి, పిల్లలను నడిరోడ్డు మీద కూర్చోబెట్టి పాఠం చెప్పేవాళ్ళం. బండ్లు ఆగేవి, పాఠం సాగేది. ఆ రోజు కెమెరా వచ్చింది కాబట్టి పాఠం దశరథం సారు తానే చెబుతానన్నాడు. నన్ను పిలిచి ముగ్గుపిండి గిన్నె చేతికిచ్చాడు.

"రుఖయ్యా మేడం, సంఖ్యారేఖ నువ్వు గియ్యి. ఆడోళ్ళ చేతి గీత మంచిగుంటది."

ఆయనకు గీయడం రాదని చెప్పడానికి అంత చుట్టూ తిరగాలా? రోడ్డుకు అడ్డంగా పొడుగు గీత గీశాను. నడుమ సున్నా, కుడి వైపు ఒకటి నుంచి పది, ఎడమ వైపు మైనస్ ఒకటి నుంచి మైనస్ పది. సారు మైకు సర్దుకుని, జుట్టు సర్దుకుని, ఉష్ణోగ్రతల పాఠం మొదలుపెట్టాడు.

"కాశ్మీరుల మైనస్ పది ఉన్నదనుకోండ్రి. మన కోరుట్లల నలభై. ఏది పెద్దది?"

"నలభై!" అన్నారు పిల్లలు.

"శభాష్. ఇంకోటి. మైనస్ పది పెద్దదా, మైనస్ మూడు పెద్దదా?"

"మైనస్ మూడు!"

"తప్పు!" అన్నాడు సారు. "మూడు కన్న పది పెద్దది గాదా? గింత గూడ తెల్వదా?"

పిల్లలంతా ఒక్కసారి నా వైపు చూశారు. నెల రోజుల కింద వాళ్ళకు ఆ పాఠం నేనే చెప్పాను. గీత మీద కుడి పక్కకు పోయే కొద్దీ పెద్దది, ఎడమ పక్కకు పోయే కొద్దీ చిన్నది, మైనస్ మూడు కన్నా మైనస్ పది ఇంకా ఎడమకు ఉంది కాబట్టి అదే చిన్నది, అదే ఎక్కువ చలి అని. పిల్లలకు అర్థమైంది. వాళ్ళ సారుకు చెప్పే అవకాశం నాకు దొరకలేదు. పదిమందిలో ఆయన పరువు తీస్తే సమ్మె పరువు తీసినట్టు అవుతుందని ఊరుకున్నాను.

ఆయన ఊరుకోలేదు. కెమెరా వైపు తిరిగి, సమ్మెలో రోగులను సంఘం కంటికి రెప్పలా చూసుకుంటున్నదని చెప్పి, లావణ్యను పిలిచాడు.

"రా బిడ్డా. నీ మందు ఎంత చల్లగ ఉండాలె?"

"రెండు నుంచి ఎనిమిది డిగ్రీలు సార్."

"గీత మీద ఆడ పోయి నిలవడు."

లావణ్య సున్నాకు కుడి పక్కన ఐదు అంకె మీద నిలబడింది.

"ఇప్పుడు నీ మందు ఏడున్నది? పాషా భాయ్ డబ్బల. డబ్బ మీద ఎంతున్నది? నేను సూసిన, మైనస్ ఆరు. ఆడికి నడువు."

సారు చూపు కెమెరా మీద ఉంది, గీత మీద లేదు. లావణ్య నడిచింది. నాలుగు, మూడు, రెండు, ఒకటి దాటి సున్నా మీద కాలు పెట్టింది. అక్కడ ఆగిపోయింది. సున్నా దగ్గర నీళ్ళు గడ్డ కడతాయని, దాని ఎడమ పక్కకు పోతే నీళ్ళు నీళ్ళుగా ఉండవని తరగతిలో చెప్పినప్పుడు మొదటి వరుసలో కూర్చుని విన్న పిల్ల అది. ఎడమ పక్కన దూరంగా ఉన్న మైనస్ ఆరు వైపు చూసింది. తర్వాత జనంలో ఉన్న తల్లి వైపు చూసింది.

"అవ్వా, నా మందు గడ్డ గట్టింది" అంది.

ఎవరో నవ్వారు. సారు కూడా నవ్వాడు. మైకులో ఆ నవ్వు ఊరంతా వినిపించింది.

"ఏయ్ పిచ్చిదానా, గట్ల గాదు. వేడికి ప్లస్, చలికి మైనస్. మందుకు ఏం గావాలె? చలి గావాలె. రెండు నుంచి ఎనిమిది దాకా చలి గావాలె. పాషా భాయ్ డబ్బల ఆరు చలి ఉన్నది. రెండుకు ఎనిమిదికి నడుమ ఆరు లేదా?"

"ఉన్నది!" అన్నారు జనం. చప్పట్లు కొట్టారు. వాళ్ళనేం అంటాం? మైకులో గట్టిగా చెబితే అబద్ధానికి కూడా కాళ్ళూ చేతులూ ఉన్నట్టే కనిపిస్తుంది. సారు లావణ్య చెయ్యి పట్టి కుడి వైపుకు లాక్కుపోయి ఆరు అంకె మీద నిలబెట్టాడు. "ఇటు తియ్యి, ఇటు తియ్యి" అని కెమెరా వాడికి చెప్పి, పిల్ల తల మీద చెయ్యి పెట్టాడు. ఆ చెయ్యి చూస్తే నాకు ఒళ్ళు మండింది.

"సార్, ఆ ఆరు వేరు, ఈ ఆరు వేరు. రెంటి నడుమ పన్నెండు డిగ్రీలున్నయి. సున్నా దాటింది సార్" అని అరిచాను.

"మేడం, కెమెరా ఉన్నది. మనం తర్వాత మాట్లాడుకుందాం" అన్నాడు మైకులోనే.

అంజవ్వ ఆయన మాటా వినలేదు, నా మాటా వినలేదు. కూతురి మాట విన్నది చాలని అప్పటికే మా దుకాణం వైపు పరుగెత్తింది.

నేను వెళ్ళేసరికి ఫ్రీజర్ మూత తెరిచి ఉంది. అంజవ్వ కుల్ఫీల కింద నుంచి సీసాలు తీసి తలకిందులు చేసి చూస్తోంది. లోపల ఏదీ కదలడం లేదు. ఒక సీసా పగిలింది. మా ఆయన పక్కన నిలబడి తువ్వాలతో చేతులు తుడుచుకుంటున్నాడు. తడి లేని చేతులు.

"నీ డబ్బల నీళ్ళు వెడితె ఏమైతయో నీకు తెల్వదా?" అన్నాను.

"ఎందుకు తెల్వదు? గని లీడర్ సాబ్ వెట్టుమన్నడు. ఆయన లెక్కల సార్ గద" అన్నాడు పాషా.

ఇరవై ఏళ్ళుగా గడ్డలు కట్టించి అమ్ముకుంటున్న మనిషి అన్న మాట అది. ఆయన మీద నాకు వచ్చిన కోపం ఇక్కడ రాస్తే కాగితం చాలదు.

జగిత్యాల దవాఖాన నర్సుకు ఫోన్ చేశాను. ఒకసారి గడ్డ కట్టిన ఇన్సులిన్ కరిగినా పనికిరాదు, పారేయమంది. తన దగ్గర మందు ఉంది, వచ్చి తీసుకుపొమ్మంది. లావణ్య వాడుతున్న సీసా పొద్దుటి సూదితో అయిపోయింది. సరుకు బండ్లు రాక కోరుట్ల మందుల దుకాణాల్లో ఇన్సులిన్ నిండుకుంది. రాత్రి సూది లోపల జగిత్యాల నుంచి మందు రావాలి. లేకపోతే ఎండాకాలం జరిగిందే మళ్ళీ జరుగుతుంది.

అప్పటికి దశరథం సారు తన మనుషులతో దుకాణానికి వచ్చాడు. సీసా చేతిలోకి తీసుకుని ఎండకు ఎత్తి చూశాడు, ఏదో తెలిసినవాడిలా.

"గడ్డ గడితె కరిగిచ్చుకోరాదా? ఐసు కరిగితె నీళ్ళే గద?"

"తోడుకున్న పెరుగును మల్ల పాలు జెయ్యి సార్, చూస్త" అన్నాను.

లెక్క తప్పినప్పుడల్లా చేసినట్టే ఆయన గొంతు సవరించుకుని సీసా కింద పెట్టాడు.

జగిత్యాల దూరమేం కాదు. కానీ ఆ రోజు దారిలో ఊరికొక టెంటు, టెంటుకొక ముళ్ళకంప. అంబులెన్సు తప్ప సైకిలును కూడా విడవొద్దని అన్ని టెంట్లకూ ఫోన్ చేసి చెప్పింది ఈ సారే. ముందు రోజు ఎవరో మందుల కోసమని బండి మీద పోతుంటే నమ్మక వెనక్కి పంపించారు. ఇప్పుడు మా ఆయన బండి పోవాలంటే సారే మళ్ళీ ఫోన్ చెయ్యాలి. ఆ మాట అడిగితే ఆయన నన్నూ అంజవ్వనూ టెంటు వెనక్కి పిలిచాడు. లావణ్య తల్లి కొంగు పట్టుకుని వచ్చింది.

"ఫోన్ జేస్త. ఎందుకు జెయ్య?" అన్నాడు మెల్లగా. మైకు లేకుండా ఆయన గొంతు అంత చిన్నదని నాకు అప్పుడే తెలిసింది. "గని అంజవ్వా, టీవీ ఆయన నిన్ను అడుగుతడు. సర్కారు కరెంటు తీసేసింది, నా బిడ్డ మందు కరాబైంది అని జెప్పు."

"కరెంటు ఉండబట్టి కరాబైంది సార్. పోతె మంచిగుంటుండె" అన్నాను.

ఆయన నా వైపు చూడలేదు. "సంఘం పేరు బయటికి రావద్దు అంజవ్వా. నా ఒక్కని కోసం గాదు, తెలంగాణ కోసం."

తెలంగాణను తన తప్పు కప్పుకునే దుప్పటి చేసుకున్నాడు మహానుభావుడు. నేను నోరు తెరవబోయాను. అంజవ్వ చెయ్యి అడ్డం పెట్టింది. కల్లంలో వడ్లు చూసినట్టు ఆయన ముఖం కాసేపు చూసింది.

"ముందు ఫోన్ జెయ్యి" అంది.

"ముందు టీవీల జెప్పు."

"సగం దారి దాకా ఫోన్ జెయ్యి. నేను టీవీల జెప్పినంక మిగిలినయి జెయ్యి."

సారు ఫోన్ తీశాడు. పాషా బండి ఎక్కాడు.

అంజవ్వ కెమెరా ముందు నిలబడి చెప్పింది. చెప్పమన్నదంతా చెప్పింది. కరెంటు కోతలంది, సర్కారంది, నా బిడ్డ పానమంది. ఏడుపు కూడా సమయానికి వచ్చింది. "అవ్వా, గది నిజం గాదు" అని లావణ్య కొంగు లాగింది కానీ ఆ మాట మైకుకు అందలేదు. సారు పక్కన చేతులు కట్టుకుని, తల వంచుకుని, చావు ఇంటికి వచ్చిన పెద్దమనిషిలా నిలబడ్డాడు. కెమెరా ఆగగానే మిగతా టెంట్లకు ఫోన్లు చేశాడు. నిజం చెప్పాలంటే నాకు ఆ క్షణం అంజవ్వ మీద కూడా అసహ్యం వేసింది. వీళ్ళింతే, నాలుగు మాటలు బెదిరిస్తే వంగిపోతారు, అందుకే ఇలాంటి వాళ్ళు లీడర్లవుతారు అనుకున్నాను.

పొద్దు గుంకకముందే పాషా తడి తువ్వాలలో చుట్టిన సీసాలతో వచ్చాడు. అంజవ్వ వాటిని కుండలో పెట్టి, ఒకటి బయటికి తీసి, వేళకు సూది వేసింది. లావణ్య చెయ్యి ఇచ్చింది కానీ తల్లి ముఖం వైపు చూడలేదు. ఆ రాత్రి కోరుట్లలో కరెంటు లేదు, టీవీలో ఆమెను మా ఊళ్ళో ఎవరూ చూడలేదు. సిరిసిల్లలో మాత్రం కరెంటు ఉన్నట్టుంది. అక్కడి నాయకులు చూసి, ఆ తల్లిని రేపటి మీటింగుకు తీసుకురమ్మని దశరథం సారుకు ఫోన్ మీద ఫోన్ చేశారు.

తెల్లారి నేను లావణ్యను చూడ్డానికి వాళ్ళింటికి వెళ్ళాను. అంజవ్వ చాట ఒళ్ళో పెట్టుకుని బీడీలు చుడుతోంది. పిల్ల గోడకు ఆనుకుని జుట్టు దువ్వుకుంటోంది. తల్లితో ఒక్క మాట మాట్లాడటం లేదు. ఇంతలో జెండా కట్టిన ఆటో వచ్చి ఆగింది. సారు దిగాడు. కొత్త చొక్కా.

"అంజవ్వా, జల్ది తయారుగా. సిరిసిల్లల మీటింగు. నిన్న టీవీల జెప్పిందే స్టేజి మీద జెప్పాలె. బిడ్డను గూడ తీసుకరా. కథలాపూర్ మీదికెళ్ళి రుద్రంగి దాటితె ఎంతసేపు? రాజయ్యను గూడ కలవచ్చు."

తండ్రి పేరు వినగానే లావణ్య చేతిలో దువ్వెన ఆగింది. ఆయన్ను చూసి పిల్లకు నెల దాటింది. బస్సులు లేవు, మరో ఆటో మాట్లాడుకునే స్తోమత లేదు. సారుకు అదంతా తెలుసు. తెలిసే ఆ పేరు తీశాడు.

"నేను రాను సారూ" అంది అంజవ్వ, చేతిలో బీడీకి దారం చుడుతూ.

"ఎందుకు? నిన్న ఎంత మంచిగ జెప్పినవు!"

"నిన్న మందు లేకుండె. అబద్ధం జెప్పిన. ఇయ్యాల మందున్నది."

సారు నవ్వాలని చూశాడు. "గట్లంటె ఎట్ల? ఆడ పెద్దపెద్దోళ్ళు అస్తున్నరు. నిన్ను సూస్తరని జెప్పిన."

అంజవ్వ చాట పక్కన పెట్టి లేచింది. కొంగు దులుపుకుని భుజం మీద సర్దుకుంది.

"సరె, అస్త. నడువు. స్టేజి ఎక్కినంక నేను ఉన్నదే జెప్త. నా కుండల మందు ఎవలు తీసిండ్రో, ఏ డబ్బల వెట్టిండ్రో, నా బిడ్డ గడ్డ గట్టిందంటె ఎవలు నవ్విండ్రో, ఒక్క ఫోన్ జెయ్యనీకె నాతోని ఏం జెప్పిచ్చిండ్రో. అన్ని జెప్త. ఎవలు పైసకు గూడ కొననంత అగ్గువ ఇజ్జత్ సారూ నీది. ఒక్క రాత్రి సూది కోసం నేను దాన్ని కాపాడిన, ఇంక కాపాడ. తీస్కపోతవా?"

లావణ్యను చెప్పులు వేసుకోమంది. నిజంగానే బయలుదేరింది. గడప దాటి ఆటో దగ్గరికి నడిచింది. సారు నా వైపు చూశాడు. నేను ఆ రోజు ఆయనకు ఏ సాయమూ చెయ్యదలచుకోలేదు. ఆయన గొంతు సవరించుకున్నాడు.

"సర్లె అంజవ్వా, నీకు బీడీల పని ఉన్నట్టుంది. మల్ల ఎప్పుడన్న సూద్దాం" అని ఆటో ఎక్కాడు. వెనక సీటు ఖాళీగానే కథలాపూర్ రోడ్డు వైపు వెళ్ళిపోయింది.

అంజవ్వ ఆటో కనిపించనంత దూరం పోయేదాకా నిలబడి, లోపలికి వచ్చి, చాట మళ్ళీ ఒళ్ళోకి తీసుకుంది. మొగుణ్ణి చూసే దారి కూడా ఆ ఆటోతోనే పోయిందని ఆమెకు తెలియక కాదు. చుట్టిన బీడీ దారం విప్పి మళ్ళీ చుట్టింది. లావణ్య చెప్పులు విడిచి, కుండ మీది తడిగుడ్డ తీసి, సీసా బయటికి తీసుకుంది. వచ్చి తల్లి పక్కన కూర్చుని చొక్కా చెయ్యి పైకి మడిచింది.

"అవ్వా, సూది యాళ్ళయింది" అంది.